పాటకు పూచీ ఎవరు?

సంతలో వంకాయలు కొనువాడు ఒక్కొక్క కాయను చేత పట్టి, తొడిమను చూచి, పుచ్చు లేదని నిశ్చయించుకొని మఱి తట్టలో వేయును. చీర కొను ఇల్లాలు అంచును వ్రేళ్ళ నడుమ నలిపి చూచును. కుండ కొనునప్పుడు సైతము వ్రేలితో కొట్టి చూచి, అది ఖంగున మ్రోగినగాని డబ్బు ఇయ్యరు. సరకును పరీక్షించి కొనుట లోకమున వాడుక. కాని పాట విషయమున ఈ వాడుక చక్కగా సాగదు. పాట ఎట్టిదో తెలియవలెనన్న వినవలెను. విన్న తరువాత దానిని కొనవలసిన అక్కఱ కొంత తీరియే పోవును. కొనువానికి వినక నమ్మిక కలుగదు; అమ్మువాడు అంతయు వినిపించి సొమ్ము అడుగలేడు. సంగీత విక్రయ చరిత్రలో అధిక భాగము ఈ చిక్కును విడదీయుటకు జరిగిన ప్రయత్నముల చరిత్రయే.

1970లో ఫిలిప్ నెల్సన్ అను అమెరికా ఆర్థికశాస్త్రజ్ఞుడు సరకుల గుణములను రెండు తెగలుగా విభజించెను. కొనుటకు ముందే వెదకి చూచి తెలిసికొనదగిన గుణములు ఒక తెగ. కొని అనుభవించిన పిదపగాని తెలియని గుణములు రెండవ తెగ. సంగీతము యొక్క గుణము ఈ రెండవ తెగకు చెందినది. ఇట్టి సరకును కొనునప్పుడు మనుష్యుడు సరకుకంటె ముందుగా దానికి పూచీపడువానిని చూచును. ఇది బాగుండునని చెప్పుచున్నది ఎవరు? ఆ మాటను నమ్మవచ్చునా? ఇవియే అతని ప్రశ్నలు. నేడు ఇంట కూర్చుండి ఇంటర్నెట్ ద్వారా ఒక సంగీత ఆల్బమును కొనువాని మనస్సులో మెదలు ప్రశ్నలుకూడ ఇవియే. ప్రశ్నలు మారలేదు, పూచీదారులు మాత్రము నూటయిరువది సంవత్సరములలో పలుమారులు మారిరి. వారెవరో, వారిని ఎంతవఱకు నమ్మవచ్చునో విచారించుట ఈ వ్యాసమున నా ఉద్దేశము.

జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఎమిల్ బెర్లినర్ 1887లో గ్రామఫోనునకు పేటెంటు పొందెను. పదునైదేండ్లకు ఆ విద్య మన దేశమునకు వచ్చెను. లండనులోని గ్రామఫోను కంపెనీ పంపగా ఫ్రెడ్ గైస్‌బర్గ్ అను రికార్డింగు నిపుణుడు 1902 చివర కలకత్తా చేరి, ఆ నగరమున ప్రసిద్ధ గాయనియైన గౌహర్ జాన్ పాటలను నవంబరు మాసమున రికార్డు చేసెను. ఆనాటి రికార్డుకు ఒక ప్రక్క పట్టునది సుమారు మూడు నిమిషముల గానమే. ఆ కొద్ది వ్యవధిలో పాటను ముగించి, చివర ఆమె తన పేరును ఇంగ్లీషులో బిగ్గరగా చెప్పెడిది. ఆమె పాడినది జర్మనీలోని హానోవరు నగరమునకు పోయి, అచ్చట రికార్డులుగా తయారై, ఓడమీద తిరిగి వచ్చుచుండెను. అచ్చటి పనివారికి మన భాషలు తెలియవు; ఏది ఎవరి పాటయో వారు గుర్తించుటకే ఈ ఏర్పాటు. కాని ఆ రికార్డు మన ఇండ్లలో తిరుగునప్పటికి ఆ పలుకు గాయని స్వయముగా చేసిన చేవ్రాలువలె వినబడెను. పాటకు మొట్టమొదటి పూచీ ఈ విధముగా పాడినవారి పేరే అయినది.

రెండవ పూచీ కంపెనీ ముద్ర. ఫ్రాన్సిస్ బరాడ్ అను ఆంగ్ల చిత్రకారుడు, మరణించిన తన సోదరుని కుక్క నిప్పరు యంత్రము ముందు కూర్చుండి వినుచున్నట్లు చిత్రించిన పటమును 1899లో గ్రామఫోను కంపెనీ కొనెను. ఆ కుక్కబొమ్మయు, ‘హిజ్ మాస్టర్స్ వాయిస్’ అను పేరును లోకమంతట వ్యాపించెను. కలకత్తాలో సియాల్‌దా వద్ద 1908లో రికార్డుల కర్మాగారము వెలసెను. 1928లో అది డమ్‌డమ్‌నకు మారెను. అక్షరము రానివాడుకూడ బొమ్మను చూచి రికార్డును గుర్తుపట్టగలడు. అయితే ఆ బొమ్మ పూచీపడినది రికార్డు యొక్క తయారికే. సూది సక్రమముగా నడచును, గొంతు స్పష్టముగా వినబడును అని అది మాట యిచ్చెను. పాట మనసునకు నచ్చునా అను ప్రశ్నకు బొమ్మ దగ్గఱ సమాధానము లేదు.

తెలుగునాట ఆ కొఱతను కొంతవఱకు తీర్చినది నాటకరంగము. పందిరిలో తెల్లవార్లు కూర్చుండి, నచ్చిన పద్యమునకు ‘వన్స్‌మోర్’ అని కేకలు వేసి రెండవమాఱు పాడించుకొన్న ప్రేక్షకులే ఆ నటుల పద్యములు రికార్డులుగా వచ్చినప్పుడు కొనిరి. వినుట ముందే జరిగిపోయినది. కొనుట మఱల వినుట కొఱకు. ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను. ఏలయన, విని కొనుట, వినక కొనుట అను రెండు పద్ధతుల మధ్యనే ఇకముందు చెప్పబోవు కథయంతయు ఊగులాడుచుండును.

రికార్డుల సంఖ్య పెరిగినకొలది దుకాణదారు మూడవ పూచీదారు అయ్యెను. 1921 జూలైలో లండనులోని ఆక్స్‌ఫర్డు వీథిలో గ్రామఫోను కంపెనీ తన పెద్ద దుకాణమును తెరచినప్పుడు ప్రారంభోత్సవము జరిపినవారు సర్ ఎడ్వర్డ్ ఎల్గార్ అను సంగీతకర్త. అట్టి దుకాణములలో కొనదలచినవారు రికార్డును విని చూచుకొనుటకు చిన్న చిన్న గదులు ఏర్పడినవి. మన పట్టణములలో అట్టి గదులు అరుదు. ఇచ్చట దుకాణదారు రికార్డు పెట్టి వినిపించును. బల్లకు ఈవల నిలుచున్నవారు తల ఊపుదురు. అతనికి ఊరివారి అభిరుచులు తెలియును. ఎవరికి హరికథ కావలెనో, ఎవరికి సినిమా పాట కావలెనో, ఎవరు శాస్త్రీయ సంగీతము తప్ప మఱొకటి ముట్టరో అతడు ఎఱుగును. చెడ్డ రికార్డును అంటగట్టినచో ఆ మనిషి మఱల గడప త్రొక్కడని అతనికి భయము. అమ్మువాడును కొనువాడును మఱునాడు ఒకరి ముఖమొకరు చూడవలసియుండుటచేతనే అతని మాటకు విలువ కలిగెను.

‘ఆల్బము’ అను మాట పుట్టుక ఈ కాలమునకే చెందినది. పెద్ద రచనలు ఒక రికార్డులో ఇమడవు గనుక నాలుగైదు రికార్డులను పుస్తకమువంటి అట్టల నడుమ సంచులలో అమర్చి అమ్మిరి. ఛాయాచిత్రముల ఆల్బమువలె ఉండుటచే దానికి ఆ పేరు వచ్చెను. 1909లో ఓడియన్ కంపెనీ చైకోవ్‌స్కీ రచించిన ‘నట్‌క్రాకర్’ సంగీతమును నాలుగు రికార్డుల కట్టగా వెలువరించెను. 1948లో కొలంబియా కంపెనీ అమెరికాలో లాంగ్‌ప్లే రికార్డును ప్రవేశపెట్టిన తరువాత కట్ట అంతయు ఒక్క రికార్డులో ఇమిడినను ఆల్బము అను పేరు మాత్రము నిలిచిపోయెను. ఒక పాట కొనువాని సాహసము స్వల్పము. ఆల్బము కొనువాడు ఒక పాట విని పది పాటలకు డబ్బు చెల్లించును. తక్కిన తొమ్మిది ఎట్లుండునో అతనికి తెలియదు. ఆ తొమ్మిదింటికి పూచీ కావలెను.

ఆ పూచీని కంటికి అప్పగించినవాడు అలెక్స్ స్టైన్‌వైస్. అంతవఱకు రికార్డు ఆల్బముల అట్టలు బూడిదరంగుతోనో, గోధుమరంగుతోనో వట్టి పేరు అచ్చుపడి ఉండెడివి. కొలంబియా కంపెనీలో చిత్రకారుడైన స్టైన్‌వైస్ వానిపై బొమ్మలు వేయవలెనని పట్టుపట్టి, 1940 ప్రాంతమున మొదటి చిత్రపటపు అట్టను వెలువరించెను. అట్ట మారిన వెంటనే పాత రికార్డుల అమ్మకము సైతము పెరిగెను. లోపలి సంగీతము మారలేదు, వాయించినవారు మారలేదు. కాని కొనువారి కన్ను చెవికి ముందుగా తీర్పు చెప్పెను. నేటి ఇంటర్నెట్ దుకాణములలో ఆ అట్ట బొటనవ్రేలి గోరంత బొమ్మగా కుంచించుకుపోయినను, చూపును ముందుగా ఆపునది నేటికిని అదియే.

ఇక నాలుగవ పూచీదారు రేడియో. గ్రామఫోను లేని ఇంటికి సైతము పాటను మోసికొనివచ్చినది రేడియోయే. మద్రాసులో ఆకాశవాణి కేంద్రము 1938లోను, విజయవాడలో 1948 డిసెంబరు 1వ తేదీనను ప్రారంభమయ్యెను. నిజాము ప్రభుత్వమువారి దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసెను. రేడియోలో విన్న పాట చెవిలో నిలిచి, సంత రోజున పట్టణమునకు పోయినప్పుడు రికార్డు దుకాణము మెట్లు ఎక్కించెను. కరుణశ్రీ రచించిన ‘పుష్పవిలాపము’ పద్యములను ఘంటసాల రికార్డుగా పాడినప్పుడు, సినిమా తెర అండ లేకుండగనే అవి తెలుగువారి నాలుకలమీద నిలిచినవి.

1952లో సమాచార ప్రసార శాఖ మంత్రి బి. వి. కేస్కర్ కాలమున ఆకాశవాణి సినిమా పాటలను మిక్కిలి తగ్గించివేయగా, శ్రోతలు రేడియో సిలోనువైపు తిరిగిరి. ఆ సంవత్సరము డిసెంబరులోనే అమీన్ సయానీ కంఠమున ‘బినాకా గీత్‌మాలా’ ప్రారంభమయ్యెను. ఆకాశవాణి 1957 అక్టోబరు 3వ తేదీన వివిధభారతిని ప్రారంభించి శ్రోతలను మఱల పిలిచెను. గీత్‌మాలా చేసిన క్రొత్త పని ఒకటి కలదు. దుకాణములలో రికార్డుల అమ్మకమును, శ్రోతల కోరికలను లెక్కలోనికి తీసికొని పాటలకు వరుస అంకెలు ఇచ్చెను. అమెరికాలో ‘బిల్‌బోర్డు’ పత్రిక 1940 జూలైలోనే దేశమంతటను ఎక్కువగా అమ్ముడుపోయిన పది రికార్డుల పట్టికను ప్రకటింపసాగినది. ఇదివఱకు ఒక మనిషి మఱొక మనిషికి పూచీపడెను; ఇప్పుడు ఒక అంకె పూచీపడసాగెను. ఇంతమంది కొన్నది చెడ్డది అగునా అని కొనువాడు తనకు తాను చెప్పుకొనెను. ఈ అంకె సంగతి ముందు మఱల వచ్చును.

అంకెతో నిమిత్తము లేని కొనుగోలుకూడ ఉండెను. 1974 ఫిబ్రవరి 11వ తేదీన ఘంటసాల వెంకటేశ్వరరావు పరమపదించిరి. ఆయన తుది దినములలో పాడిన భగవద్గీత రికార్డు తెలుగువారి ఇండ్లలో పూజాద్రవ్యములతోపాటు చోటు సంపాదించుకొనెను. 1980 ప్రాంతమున తిరుమల తిరుపతి దేవస్థానములవారి ప్రోద్బలముతో ఎం. ఎస్. సుబ్బులక్ష్మి పాడిన ‘బాలాజీ పంచరత్నమాల’ ఐదు లాంగ్‌ప్లే రికార్డులుగా వెలువడి, అన్నమాచార్యుల కీర్తనలను ఇంటింట చేర్చెను. వీనిని కొన్నవారు ఎందఱు కొనిరని విచారింపలేదు. పాడినవారి గొంతుమీది గౌరవమును, పాడబడినదానిమీది భక్తియు చాలినవి. ఆ తరువాత క్యాసెట్టు వచ్చి వెలను దింపివేసెను. గుల్షన్ కుమార్ స్థాపించిన టి-సిరీస్ 1980 తరువాతి దశాబ్దమున చవుక క్యాసెట్లను కిళ్ళీకొట్టువఱకు చేర్చెను. వెల తగ్గినప్పుడు పూచీ అవసరముకూడ తగ్గును. నచ్చకున్న పోవునది కొద్ది రూపాయలే గనుక.

ఇంటర్నెట్‌లో సంగీత విక్రయము 1994లో ఊపందుకొనెను. ఆ సంవత్సరము అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున జేసన్ ఓలిమ్, మాథ్యూ ఓలిమ్ అను కవల సోదరులు తమ తలిదండ్రుల ఇంటి నేలమాళిగలో ‘సి.డి. నౌ’ అను దుకాణమును ప్రారంభించిరి. కొనువానికి దారి చూపగల ఎఱుకయే ఆ దుకాణపు మూలధనము. అందుకై వారు ‘ఆల్ మ్యూజిక్ గైడ్’ అను సంగీత సూచికలోని సమీక్షలను తమ దుకాణమున ఉంచిరి. బల్లకు ఆవల నిలువవలసిన దుకాణదారు స్థానమున విమర్శకుని వ్రాత నిలిచెను.

అదే 1994లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున ఉపేంద్ర శార్దానంద్, పాటీ మాస్ అను పరిశోధకులు ‘రింగో’ అను ఏర్పాటును నిర్మించిరి. తమకు నచ్చిన, నచ్చని గాయకులకు మార్కులు వేసి ఈ-మెయిలు ద్వారా పంపినచో, ఆ మార్కులతో పోలిక గలవారిని యంత్రము వెదకి, వారికి నచ్చినదానిని వీరికి సిఫారసు చేయును. ఊరి దుకాణదారు అనుభవముచే చేసిన పనిని యంత్రము గణితముచే చేయసాగెను. 1998 జూన్‌లో, అంతవఱకు పుస్తకములు అమ్ముచుండిన అమెజాన్ సంగీతముకూడ అమ్మసాగినది. దీనిని కొన్నవారు మఱి యేవి కొనిరో చూపు పద్ధతియు, కొన్నవారే అభిప్రాయము వ్రాయు పద్ధతియు అక్కడ వేళ్ళూనెను. ఇట్లు ముఖము తెలియని తోటి కొనుగోలుదారు పూచీదారు అయ్యెను. అతడు సరకును అమ్ముకొనువాడు కాడు గనుక అతని మాటను నమ్మవచ్చునని తోచెను. పది మెప్పుల నడుమ ఒక నింద కనబడినచో చదువరి ఆ నిందనే ముందు చదువుట మనుష్య స్వభావము. మెప్పు మాత్రమే ఉన్నచోట అనుమానము పుట్టుటయు స్వభావమే.

1999 జూన్‌లో నాప్‌స్టర్ వచ్చి, ఒకరి కంప్యూటరులోని పాటను మఱొకరు ఉచితముగా తీసికొను మార్గమును తెరచెను. న్యాయస్థానముల ఆజ్ఞలకు లోబడి అది 2001 జూలైలో మూతపడినను, పాటకు డబ్బు ఇయ్యనక్కఱ లేదను భావము మూతపడలేదు. ఆ పరిస్థితిలో 2003 ఏప్రిల్ 28వ తేదీన ఆపిల్ కంపెనీ అమెరికాలో ఐట్యూన్స్ సంగీత దుకాణమును తెరచెను. రెండు లక్షల పాటలు. పాట ఒక్కంటికి 99 సెంట్లు. కొనుటకు ముందు ప్రతి పాటనుండి 30 సెకండ్లు ఉచితముగా వినవచ్చును. మొదటి వారమునందే పది లక్షల పాటలు అమ్ముడుపోయెను. ఆనాడు ఆక్స్‌ఫర్డు వీథిలో గదిలో కూర్చుండి విన్న సౌకర్యము ఈ 30 సెకండ్ల రూపమున ఇంటికి వచ్చెను. 2010 చివర ఆ గడువు పెద్ద పాటలకు 90 సెకండ్లకు పెరిగెను.

ఆ దుకాణమువలన ఆల్బమునకు ఏమి సంభవించెనో గమనింపవలెను. అమ్ముడుపోయిన పాటలలో సగమునకు పైగా ఆల్బములుగానే పోయినవని మొదటి వారమున కంపెనీ ప్రకటించెను. కాని ఆ ధైర్యము నిలువలేదు. నచ్చిన ఒక్క పాటను విడిగా కొనగలిగినప్పుడు తక్కిన తొమ్మిదింటి సాహసమును తలకెత్తుకొనువారు తగ్గిరి. ఇంటర్నెట్ నుండి ఉచితముగా తీసికొనుట దీనికి తోడయ్యెను. అమెరికాలో 2000లో సుమారు 78 కోట్ల 50 లక్షల ఆల్బములు అమ్ముడుపోగా, 2010లో అమ్ముడుపోయినవి సుమారు 32 కోట్ల 60 లక్షలు మాత్రమే.

ఇప్పుడు అంకె సంగతికి వత్తము. ఇంటర్నెట్‌లో పలుచోట్ల పాట ప్రక్కను ఎందఱు కొనిరో, ఎందఱు వినిరో అంకె ఉండును. ఆ అంకె మన నిర్ణయమును ఎంత మార్చును? ఈ ప్రశ్నకు సమాధానము కొఱకు న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమున మాథ్యూ సాల్గనిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ ఒక పరీక్ష జరిపి 2006లో ఫలితములను ప్రకటించిరి. పెద్దగా పేరు లేని బృందముల పాటలు 48 ఎన్నుకొని ఇంటర్నెట్‌లో ఉంచిరి. పాల్గొన్నవారు 14,341 మంది. వారిలో కొందఱికి పాటలను మాత్రమే చూపిరి. వారు విని, మార్కులు వేసి, కావలసినచో డౌన్‌లోడు చేసికొనవచ్చును. తక్కినవారిని ఎనిమిది గుంపులుగా విభజించి, ప్రతి గుంపువారికి తమ గుంపులో ఏ పాటను ఎందఱు తీసికొనిరో ఆ అంకెలను చూపిరి. ఒక గుంపు సంగతి మఱొక గుంపునకు తెలియదు.

ఫలితము ఆలోచింపదగినది. అంకెలు కనబడినచోట గెలిచిన పాటలు మఱింత గెలిచెను, ఓడినవి మఱింత ఓడెను. అంతేకాదు, ఒక గుంపులో గెలిచినది మఱొక గుంపులో గెలువలేదు. అంకెలు చూడనివారి తీర్పున 26వ స్థానమున నిలిచిన ఒక పాట, ఒక గుంపులో మొదటిదిగా, మఱొక గుంపులో 40వదిగా నిలిచెను. మిక్కిలి మంచి పాటలు అధమస్థితికి పడుట అరుదు, మిక్కిలి నాసిరకము పైకి వచ్చుట అరుదు. నడుమ నున్నవానికి ఏదైనను జరుగవచ్చును. 2008లో సాల్గనిక్, వాట్స్ మఱియొక పరీక్షలో అంకెలను తలక్రిందులుగా చేసి చూపిరి. అడుగునుండిన పాటలు పైకి వచ్చినట్లు అబద్ధపు లెక్క వేయగా, వానిలో చాలవఱకు ఆ అబద్ధమును నిజము చేసికొనెను. మిక్కిలి మంచి పాటలు మెల్లమెల్లగా తేరుకొనెను. కాని మొత్తముమీద జనులు తీసికొన్న పాటల సంఖ్యయే తగ్గిపోయెను. అంకె తప్పు దారి చూపినప్పుడు నష్టపోయినది మంచి పాట ఒక్కటియే కాదు. విన్నవారు విసిగి, తీసికొనుటయే మానివేసిరి.

దీనినిబట్టి అంకె ఇచ్చు పూచీ ఎట్టిదో తెలియుచున్నది. గీత్‌మాలా వరుసలో పై మెట్టున వినబడిన పాటకును, నేటి పట్టికలో మొదటి వరుసలోని పాటకును కొంత స్వగుణము ఉండవచ్చును. కొంత ముందుగా విన్న పదిమంది అదృష్టవశమున చూపిన మొగ్గుకూడ ఉండవచ్చును. రెంటిని విడదీసి చూపు గుర్తు అంకెలో ఉండదు. పేరు లేని గాయకుడు, చిన్న ఊరి బుఱ్ఱకథ దళము, శిష్యులు తప్ప మఱెవరు ఎఱుగని వైణికుడు, ఈ ఆటలో మొదటి పదిమందిని సంపాదింపలేకనే మఱుగున పడుదురు.

మన దేశపు అనుభవము ఇంకొక పాఠము చెప్పుచున్నది. 2012 ఫిబ్రవరిలో ఫ్లిప్‌కార్టు కంపెనీ ‘ఫ్లైట్’ అను పేర పాటలను, ఆల్బములను డౌన్‌లోడుగా అమ్మసాగెను. కొలదిపాటి వెలలే, అయినను 2013 జూన్‌లో దానిని మూసివేసిరి. దొంగ నకళ్ళు ఉచితముగా దొరకుట, చిన్న చిన్న మొత్తములను సులువుగా చెల్లించు మార్గము లేకపోవుట అను రెండును ఆ వ్యాపారమునకు అడ్డుపడెను. పాట నచ్చినను, వెల అందుబాటులో ఉన్నను, పది రూపాయలు చెల్లించుటకు పడు శ్రమ పది రూపాయలకు మించినచో కొనువాడు వెనుదిరుగును. చేయి సంచిలోనికి పోవు దూరముకూడ నిర్ణయమున ఒక భాగమే.

ఆ దూరము తగ్గునప్పటికి పరిస్థితి మఱల మారెను. నెలకు కొంత చెల్లించి, లేక ప్రకటనలు వినుచు, కోట్ల పాటలను కావలసినప్పుడు వినగల స్ట్రీమింగు పద్ధతి వ్యాపించెను. ఇప్పుడు ఆల్బము మొత్తమును మొదటినుండి చివరివఱకు కొనకయే వినవచ్చును. వినక కొనుట అను పాత చిక్కు విడిపోయినది. అట్లయిన ఇక ఎవరైనను కొననేల?

ఆశ్చర్యమేమనగా, కొనువారు ఉన్నారు. 2007 అక్టోబరులో ఇంగ్లండునకు చెందిన రేడియోహెడ్ బృందము తమ ‘ఇన్ రెయిన్‌బోస్’ ఆల్బమును ఇంటర్నెట్‌లో ఉంచి, ఎంత చెల్లింతురో కొనువారే నిర్ణయింపవచ్చునని ప్రకటించెను. ఏమియు ఇయ్యకయు తీసికొనవచ్చును. అయినను సొమ్ము ఇచ్చినవారు ఉండిరి. తరువాత 2008 ఆరంభమున అదే ఆల్బము అంగళ్ళలో డిస్కు రూపమున వచ్చినప్పుడు బ్రిటనులోను, అమెరికాలోను అమ్మకముల పట్టికలో మొదటి స్థానమును పొందెను. ఉచితముగా విన్నదానినే మఱల కొన్నవారు ఉండిరన్నమాట.

2008లో మొదలైన బ్యాండ్‌క్యాంప్ అను ఇంటర్నెట్ దుకాణము ఈ స్వభావమునే ఆధారముగా చేసికొనెను. అచ్చట కళాకారుడే వెల నిర్ణయించును. కొనువాడు అడిగినదానికంటె ఎక్కువకూడ ఇయ్యవచ్చును. ఇచ్చిన సొమ్ములో ఎక్కువ భాగము నేరుగా పాడినవారికి చేరును. 2020 మార్చిలో అంటువ్యాధివలన కచేరీలు ఆగిపోయి సంగీతజ్ఞులకు బ్రతుకుతెరువు కఱవైనప్పుడు, మార్చి 20వ తేదీన ఆ దుకాణమువారు తమ వాటాను ఒక దినము వదలుకొనిరి. ఆ ఒక్క దినమున కొనుగోలుదారులు 43 లక్షల డాలర్లు వెచ్చించిరి. ఆనాడు వారిని కొనిపించినది పట్టికలోని అంకె కాదు. అట్టమీది బొమ్మయు కాదు. తమకు నచ్చిన పాట పాడినవాడు రేపు మఱల పాడవలెనను తలంపు.

లాంగ్‌ప్లే రికార్డు మఱల తలయెత్తుటకూడ ఇట్టిదే. అమెరికాలో 2022లో 4 కోట్ల 10 లక్షల లాంగ్‌ప్లే రికార్డులు అమ్ముడుపోగా, సి.డి.లు 3 కోట్ల 30 లక్షలు మాత్రమే అమ్ముడుపోయెను. 1987 తరువాత ఇట్లు జరుగుట అదే మొదలు. 2023లో ప్రకటితమైన ఒక లెక్కప్రకారము అచ్చట రికార్డులు కొన్నవారిలో సగముమందికే వానిని వాయించు యంత్రము కలదు. తక్కిన సగముమంది వినుటకై కొనలేదు. తమ అభిమానము చేతికి తగులునట్లు ఇంట ఉంచుకొనుటకై కొనిరి. మన తాతలు మ్రోగని గ్రామఫోనును సైతము గుడ్డ కప్పి దాచుకొనుట ఎఱిగినవారికి ఇది వింతగా తోచదు.

ఈ కథనంతయు ఒకచోట చేర్చి చూచినచో ఒక మార్పు స్పష్టమగుచున్నది. నూటయిరువది ఏండ్లుగా గాయని పేరు, కంపెనీ బొమ్మ, దుకాణదారు, అట్ట, రేడియో, విమర్శకుడు, తోటి కొనుగోలుదారు, అంకె ఒకరి తరువాత ఒకరు కొనువానికి పూచీపడిరి. మొత్తమును ముందే వినగలిగిన నేడు కొనువానికి పూచీ అంతగా అక్కఱలేదు. పూచీ కావలసినది పాడువానికి. నా పాటను విన్నవారు నన్ను పోషింతురా అని అడుగుచున్నది ఇప్పుడు అతడు. నాటకపు పందిరిలో విని, మెచ్చి, రికార్డు కొన్న మన పూర్వులు తెలియకయే ఆ పూచీ ఇచ్చిరి. నేడు తెలిసి ఇయ్యవలసియున్నది.

ఇంట రేడియో పెట్టుకొని సంగీతము వినువారికి ఇందు చేయదగిన పని కొంత కలదు. పట్టికలో పై వరుసను చూచి ఆగక, క్రింది వరుసలలో ఒకటి రెండు పాటలను పూర్తిగా వినవలెను. మెప్పులు ఎన్ని యని లెక్కింపక, ఏల మెచ్చిరో చదువవలెను. పాడినవారి పేరును, వ్రాసినవారి పేరును, వాయించినవారి పేరును తెలిసికొనవలెను. పేరు దాచిన సరకును అనుమానింపవలెను. విన్నది నిజముగా నచ్చి, మఱల మఱల వినవలెనని తోచినప్పుడు, ఉచితముగా దొరకుచున్నదిగదా అని ఊరకుండక, ఏడాదికి ఒక్క ఆల్బమునైనను సొమ్ము పెట్టి కొనవలెను. అది ఏ పేరులేని వైణికునిదో, పల్లెటూరి కథకునిదో అయినచో మఱింత మేలు. ఆ సొమ్ము స్వల్పమే కావచ్చును. కాని తరువాతి పాట పుట్టుట అట్టి స్వల్పముల కూడికపైననే ఆధారపడియున్నది.